అలసట, విరుగుడు

నేను లెక్కల మనిషిని. మెకానికల్ వాళ్ల మధ్య కూర్చోవడం నా ఖర్మే తప్ప నా ఇష్టం కాదు. మా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పిల్లలకు లెక్కలు చెప్పడానికి నన్ను తీసుకున్నారు గానీ, నేను ఎక్కడ కూర్చోవాలో ఎవరూ ఆలోచించలేదు. చివరికి మెకానికల్ డిపార్ట్‌మెంట్‌లో కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల వేశారు. దాని కింద అట్టముక్క పెట్టుకుని ఏళ్ల తరబడి అక్కడే పేపర్లు దిద్దాను. కిటికీలోంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు, బస్టాపు, దానికి అవతల పత్తి చేలు కనిపించేవి. మిరపకాయలు కళ్లాల్లోకి వచ్చే రోజుల్లో ఆ ఘాటు గాలికి కొట్టుకొచ్చి, పాఠం చెప్పేవాళ్లూ వినేవాళ్లూ కలిసి తుమ్మేవాళ్లం.

మెకానికల్ వాళ్లకు ఏరియా అని ఒక పిచ్చి ఉంది. కొత్తగా ఎవరు చేరినా ముందు ఊరు, పేరు కాదు, "మీదే ఏరియా?" అని అడుగుతారు, పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు. థర్మల్ వాళ్లు ఒక వరస, డిజైన్ వాళ్లు ఒక వరస, ప్రొడక్షన్ వాళ్లు ఇంకో వరస. టీ తాగడానికి పోయినా ఏరియాల వారీగానే పోతారు. హెడ్ జానకిరామయ్య గారిది థర్మల్. అందుకని కొత్త బీరువా వచ్చినా, కొత్త ఫ్యాను వచ్చినా ముందు థర్మల్‌కే వెళ్లేది.

అనంతపద్మనాభానిది డిజైన్. అందులోనూ, ఇనుము అదే పని చేసి చేసి ఎలా నీరసిస్తుందీ, చివరికి ఎందుకు విరుగుతుందీ అన్నది అతని పరిశోధన. ఇంగ్లీషులో మొదటిదాన్ని ఫెటీగ్ అంటారు, రెండోదాన్ని ఫ్రాక్చర్ అంటారు. పొన్నూరు దగ్గర పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టాడు. మద్రాసులో డాక్టరేటు తెచ్చుకుని, మేమిద్దరం కూర్చునే గది తలుపు మీద డాక్టర్ అనంతపద్మనాభం అని రాయించుకున్నాడు. అతనికి ఉన్న యంత్రం ఒక్కటే. చిటికెన వేలంత కడ్డీని బరువు వేలాడదీసి తిప్పుతూ, అది విరిగేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టేది. రోజుల తరబడి గుయ్యిమంటూ తిరిగేది. కడ్డీ విరిగిన రోజు అతని ముఖం వెలిగిపోయేది. ఒక వస్తువు విరిగితే అంత సంతోషించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఎనభై అయిదులోనో ఆరులోనో, ఆఫీసుల్లో తెలుగే వాడాలని గట్టిగా ఉత్తర్వులు వచ్చాయి. బోర్డులు తెలుగులో ఉండాలి, ఉత్తరాలు తెలుగులో ఉండాలి. జానకిరామయ్య గారు గుమ్మం ముందున్న ఇంగ్లీషు బోర్డు దింపించి, ఎవరి ఏరియాకు వాళ్లే తెలుగు పేరు రాసివ్వమన్నారు. తన దానికి ఆయన "ఉష్ణ బదిలీ" అని రాసుకున్నారు. బోర్డు ఎక్కిన మర్నాడే, బదిలీలు చూసే ఆఫీసు ఇదేనా అని ఒక పంతులమ్మ గారు అర్జీ పట్టుకుని వచ్చింది.

పద్మనాభం వారం రోజులు ఆలోచించాడు. సంస్కృతం వాళ్లింట్లో దండిగా ఉన్న సరుకే కాబట్టి లోహ శ్రాంతి అనో, భంగ శాస్త్రం అనో రాస్తాడని అనుకున్నాం. రాయలేదు.

"బస్సులో పోయే రైతుకు కూడా అర్థం కావాలండీ శ్యామలాంబ గారూ. లేకపోతే తెలుగులో పెట్టడం ఎందుకు?" అన్నాడు.

ఫెటీగ్ అంటే అలసట. ఫ్రాక్చర్ అంటే విరగడం, కాబట్టి విరుగుడు. "లోహాల అలసట, విరుగుడు" అని రాసి నాకు చూపించాడు.

"విరుగుడు అంటే మందు కదయ్యా. తేలు కుట్టినవాడు విరుగుడు ఏమిటని అడుగుతాడు," అన్నాను.

"అరుగు నుంచి అరుగుడు, తరుగు నుంచి తరుగుడు, విరుగు నుంచి విరుగుడు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదండి," అన్నాడు.

వ్యాకరణం అడ్డం పెట్టుకున్నవాడితో వాదించి గెలిచినవాళ్లు లేరు. ఊరుకున్నాను. బోర్డు రాయడానికి వచ్చిన పీరు సాహెబు థర్మల్‌కి పెద్ద అక్షరాలు వాడేసి, కిందికి వచ్చేసరికి చోటు చాలక "లోహాల" అన్న మాట వదిలేశాడు. తెల్లటి రేకు మీద నీలం రంగుతో, బస్టాపులో నిలబడినవాళ్లకు స్పష్టంగా కనబడేట్టు, "అలసట, విరుగుడు" అని మిగిలింది.

మొదట వచ్చినవాడు బాపయ్య అనే రైతు. డెబ్బై దాటిన మనిషి. పత్తీ, మిరపా వేస్తాడు. తలుపు మీద పేరు చదువుకుని లోపలికి వచ్చాడు.

"డాక్టరు గారంటే మీరేనా? పొద్దున లేస్తే వొళ్లంతా గుంజుతుందండి. రెండు సాళ్లు నడిస్తే ఆయాసం. బయట రాశారుగా, విరుగుడు ఇస్తామని."

పద్మనాభం కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అలసట మనుషులది కాదనీ, ఇనుముదనీ ఓపిగ్గా చెప్పాడు.

"ఇనుముకు అలసటేందయ్యా?"

"ఉంటుందండి. చాలాకాలం పనిచేస్తే అలుస్తుంది."

"మరి విరుగుడు?"

"విరుగుడు అంటే... అది విరగడమండి."

బాపయ్య అతన్ని కాసేపు పరకాయించి చూశాడు. "అయితే అలిసినదాన్ని తెచ్చి మీరు విరగ్గొడతారన్నమాట," అని కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఇంకా చాలామంది వచ్చారు. బాపయ్య మాత్రం తను పత్తి వేసే జిన్నింగ్ మిల్లులో ఈ కథ చెప్పి అందరినీ నవ్వించాడు. అది మా యూనివర్సిటీకి రెండు బస్టాపుల అవతల ఉన్న మిల్లు. రైతుల దగ్గర పత్తి కొని, గింజ వేరుచేసి, దూదిని బేళ్లు కట్టి పంపుతారు. ఇనుముకు అలసట చూసే డాక్టరున్నాడని అక్కడి పనివాళ్లు ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లట. జానకిరామయ్య గారికి మాత్రం నవ్వు రాలేదు. డిపార్ట్‌మెంట్‌ను లేహ్యాల కొట్టు చేశాడని మండిపడి, ఏడాది తిరిగేలోగా ఆ ఏరియానే ఎత్తేస్తానన్నారు.

ఫిబ్రవరిలో ఆ మిల్లులో ప్రమాదం జరిగింది. పత్తి సీజన్లో మిల్లు పగలూ రాత్రీ నడుస్తుంది. షెడ్డు పొడుగునా పైన ఒక పెద్ద ఇనుప షాఫ్టు తిరుగుతుంటుంది. దాని మీది బెల్టులతోనే కింద యంత్రాలన్నీ నడుస్తాయి. ఆ షాఫ్టుకు నూనె పెట్టి, బెల్టులు చూసుకునే ఫిట్టరు పేరు ఆదాం. రెండో ఫిట్టరు సీజను మొదట్లోనే మానేస్తే, ఆ డ్యూటీ కూడా ఇతని చేతే చేయిస్తున్నారు. రెండు డ్యూటీలు వరసగా చేసిన ఒక తెల్లవారుజామున షాఫ్టు పటుక్కున విరిగింది. దాని చివర ఉన్న చక్రం ఊడి కిందపడి, పత్తి ఎత్తుతున్న వెంకటరావమ్మ అనే మనిషి కాలు నుజ్జయింది. ఆదాం నిద్రపోయాడనీ, మెలకువగా ఉంటే షాఫ్టు చప్పుడు మారడం విని మిల్లు ఆపేవాడనీ యజమాని అన్నాడు. ఆ రోజే పనిలోంచి తీసేశాడు.

తీసేస్తే ఇంకో మిల్లు చూసుకుంటాడులే అనుకోవడానికి లేదు. నిద్రపోయి మనిషి కాలు తీసిన ఫిట్టరని పేరు పడితే, గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ మిల్లూ గేటు లోపలికి రానివ్వదు. పనివాళ్లు గొడవచేస్తే యజమాని ఒక విచారణ వేశాడు. దానికి త్యాగరాజు గారని, రిటైరైన మునసబు కోర్టు జడ్జి గారిని పెట్టారు. ఆదాం నిద్రపోయాడని ఆయన తేలిస్తే అతని పనికి ఇక చెల్లుచీటీ.

అప్పుడు గుర్తొచ్చింది మిల్లు పనివాళ్లకు, అంతకాలం నవ్వుకున్న బోర్డు. ఒక మధ్యాహ్నం ఆదాం, అతని భార్య కరుణమ్మ గోనెసంచీ ఒకటి మోసుకుని వచ్చారు. అతను పొడగరి, తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడేదంతా ఆమే.

"ఇనుముకు అలసట చూసేది మీరేనాండీ?" అంది కరుణమ్మ.

బోర్డు పెట్టిన తర్వాత ఆ ప్రశ్న సరిగ్గా అడిగిన మొదటి మనిషి ఆవిడే. పద్మనాభం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సంచీలో విరిగిన షాఫ్టు ముక్క ఉంది. దాన్ని నా బల్ల మీదే పెట్టి కిరసనాయిలుతో తుడిచి, భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మమ్మల్ని కూడా చూడమన్నాడు. విరిగినచోట సగానికి పైగా నున్నగా, నల్లగా ఉండి, కోసిన ఉల్లిపాయలా వరసలు వరసలుగా గీతలున్నాయి. మిగతా భాగం పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తోంది. ఆ తెల్లది మాత్రమే ఆ రోజు విరిగిందట. నల్లది అంతకు చాలా నెలల ముందు సన్నటి బీటగా మొదలై, షాఫ్టు తిరిగిన కొద్దీ కొంచెం కొంచెం లోపలికి పోయిందట. చప్పుడేమీ రాదట. పక్కనే నిలబడినవాడికి కూడా తెలియదట.

"అంటే మా ఆయన తప్పు లేదనేగా?" అంది కరుణమ్మ.

"లేదమ్మా. దేవుడు దిగొచ్చి అక్కడ కూర్చున్నా ఆ షాఫ్టు విరిగేదే."

ఆవిడ చప్పున నేలమీద కూర్చుండిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదాం గోడవైపు తిరిగాడు. పద్మనాభం చదువు ఒక మనిషికి పనికిరావడం చూసి నాకు నిజంగా సంతోషమేసింది. వాళ్లను బస్సెక్కించి వచ్చి, ఆ సాయంత్రమే అతను నివేదిక రాశాడు. ఉత్తర్వులున్నాయి కాబట్టి తెలుగులోనే రాశాడు. నాకు మాత్రం చూపించలేదు. విరుగుడు గొడవ తర్వాత తెలుగు సంగతుల్లో నన్ను అడగడం మానేశాడు.

మిల్లు ఆఫీసు వరండాలో విచారణ జరిగింది. నేను వెళ్లలేదు. పద్మనాభం వచ్చి చెప్పిందే ఇది. తన గురించి గొప్పగా కల్పించి చెప్పుకునే రకం కాదు కాబట్టి నమ్మవచ్చు. త్యాగరాజు గారు కళ్లజోడు సవరించుకుని అతని నివేదికను అందరికీ వినపడేట్టు చదివారట:

"విరుగుటకు కారణము అలసట. ఇది ఆ ఒక్క రాత్రి కలిగినది కాదు. చాలా నెలలుగా పేరుకొనిన అలసట. సకాలములో గుర్తించి పని నుండి తప్పించి ఉన్నచో ప్రమాదము జరిగెడిది కాదు."

వినగానే మిల్లు మేనేజరు ముఖం విప్పారింది. "మేము మొదటినుంచీ మొత్తుకుంటున్నది అదేనండి. అలిసిపోయి నిద్రపోయాడు. యూనివర్సిటీ వారు కూడా అదే రాసిచ్చారు," అన్నాడు.

పనివాళ్లంతా పద్మనాభం వైపు చూశారట. ఆదాం మాత్రం తల దించుకున్నాడట. అప్పటిదాకా ఆ కాగితాన్ని పదిసార్లు చదువుకున్న మా పండితుడికి, పదకొండోసారి ఇంకొకరి నోట విన్నప్పుడు గానీ, అందులో షాఫ్టు అన్న మాటే లేదని తెలియలేదు.

"అలిసింది షాఫ్టండి! ఇతను కాదు," అని లేచాడు.

"షాఫ్టు అలవడమేమిటయ్యా? ఎవరి అలసటో ఇందులో ఎక్కడ రాశావు?" అన్నారు త్యాగరాజు గారు.

"ఇంగ్లీషులో ఫెటీగ్ అంటామండి..."

"అయితే ఇంగ్లీషులోనే ఏడవకపోయావా?"

వరండా అంతా నవ్వులు. త్యాగరాజు గారు చెడ్డ మనిషి కాదు. ఇనుము ఎలా అలుస్తుందో తన కళ్లకు చూపించమనీ, ఆదాం వాంగ్మూలం కూడా అప్పుడే తీసుకుంటాననీ చెప్పి, వాయిదా వేశారు.

వాయిదాకు ముందురోజు పద్మనాభం ఆ ఇద్దరినీ మా గదికి పిలిపించాడు. నేను జవాబుపత్రాలు దిద్దుతున్నాను. చేతిలో పని ఉన్నంత మాత్రాన చెవులు మూతపడవు కదా.

"రేపు నిన్ను అడుగుతారు. ఆ రాత్రి అలిసిపోయావా అని. లేదని చెప్పు," అన్నాడు.

"రెండు డ్యూటీలు చేశాను సార్. అంతకు ముందు వారమంతా అట్టాగే చేశాను. అలవకుండా ఎట్టా ఉంటాను?" అన్నాడు ఆదాం.

"నిద్రపోయావా?"

"లేదు సార్. నూనెడబ్బా చేతిలోనే ఉంది. నిద్రపోలేదు, అది నిజం. అలిసి ఉన్నాను, అదీ నిజం."

"ఆ రెండో నిజం మనకు అక్కర్లేదు. ఈ విచారణలో అలసట ఒక్కటే ఉండాలి, అది షాఫ్టుది. నువ్వు కూడా అలిశానన్నావో, ఇద్దరిలో ఎవరి అలసట అని మళ్లీ మొదటికొస్తుంది. నేను రాసినదంతా నీ మెడకే చుట్టుకుంటుంది."

తన కలం జారినందుకు ఎదుటివాడు నాలుక మార్చుకోవాలనడం నాకు నచ్చలేదు. కానీ అతను చెప్పిన లెక్కలో తప్పు కూడా కనపడలేదు. ఆదాం భార్య వైపు చూశాడు.

"సార్ చెప్పినట్టు చెప్పు," అంది కరుణమ్మ. "ముందు పని నిలబడనియ్యి."

మర్నాడు పద్మనాభం విరిగిన ముక్క వెంటపెట్టుకుని మిల్లుకు వెళ్లి, దూది బేళ్లకు చుట్టే ఇనుప బద్దీ ఒకటి అడిగి తీసుకున్నాడు. దాన్ని త్యాగరాజు గారి చేతికిచ్చి, అటూ ఇటూ వంచమన్నాడు. ఆయన వంచారు. విరగలేదు. మేనేజరు చేతికిచ్చాడు, అతనూ వంచాడు. అలా చేతులు మారుతూ మారుతూ, చివరికి వరండా మెట్టు మీద కూర్చున్న ముసలి వాచ్‌మన్ చేతిలో పుటుక్కుమంది.

"ఇప్పుడు చెప్పండి. ఇది విరిచింది ఈ వాచ్‌మనేనా?" అన్నాడు పద్మనాభం.

త్యాగరాజు గారు రెండు ముక్కలూ తీసుకుని చాలాసేపు తిప్పి చూశారట. షాఫ్టు మీది నల్ల గీతలూ చూశారు. ఇనుము అలుస్తుందని ఒప్పుకుంటున్నానన్నారు. తర్వాత ఆదాం వైపు తిరిగారు.

"షాఫ్టు సంగతి తేలింది. మరి నీ సంగతి? వరసగా రెండు డ్యూటీలు చేశావు. అలిసిపోలేదూ?"

"లేదండి."

"కొంచెం కూడా?"

"లేదండి. నాకు అలవాటేనండి. ఎన్ని డ్యూటీలు చేసినా అలవను."

ఆ చివరి మాట పద్మనాభం నేర్పింది కాదు. మాట గట్టిగా ఉండాలని ఆదామే కలుపుకున్నాడు. త్యాగరాజు గారు అక్షరం పొల్లుపోకుండా రాసుకుని అతని చేత సంతకం పెట్టించారు. పది రోజులకు తీర్పు వచ్చింది. ప్రమాదానికి కారణం షాఫ్టు అలసట. ఫిట్టరు నిద్రపోలేదు, అలవలేదు. అతన్ని పనిలోకి తీసుకోవాలి.

తీసుకున్నారు. ఆ వారమంతా పద్మనాభం నేలమీద నడవలేదు. జానకిరామయ్య గారు ఏరియా ఎత్తేసే మాట ఎత్తడం మానేసి, వార్షిక నివేదికలో పరిశ్రమలకు సేవ అని ఒక పేరా రాయించారు. మిల్లు యజమాని కూడా తెలివైనవాడే. ఓడిపోయినందుకు ఏడుస్తూ కూర్చోకుండా కారేసుకుని మా డిపార్ట్‌మెంట్‌కు వచ్చి, కొత్త షాఫ్టు వేయించాననీ, అది విరగకుండా ఏం చేయాలో చెప్పమనీ అడిగాడు. పద్మనాభం శ్రద్ధగా రాసిచ్చాడు. ఈసారి ప్రతి వాక్యంలోనూ షాఫ్టు అని రాశాడు. వారానికి ఒక రోజు షాఫ్టును ఆపాలి. కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్ద అద్దాలి. బీట ఉంటే లోపల దాగిన కిరసనాయిలు సుద్ద మీదికి ఊరి గీతలా కనపడుతుంది. ఈ పని అనుభవం ఉన్న మనిషే చేయాలి. ఆ మాట కింద గీత కూడా గీశాడు.

వేసవి ముదిరాక, పరీక్షల రోజుల్లో కరుణమ్మ మళ్లీ వచ్చింది. ఒక్కతే వచ్చింది. పద్మనాభం ఉత్సాహంగా, "ఏమ్మా, ఆదాం ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"పని చేస్తున్నాడండి." కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "రెండు డ్యూటీలూ ఆయనే. ఆ రెండో ఫిట్టర్ని ఇంక పెట్టుకోరంటండి. ఒక డ్యూటీ తీసెయ్యమని అడగబోతే, మేనేజరు గారు కాగితం తీసి చూపించారంట. ఎన్ని డ్యూటీలు చేసినా అలవనని నువ్వే సంతకం పెట్టావుగా అని."

పద్మనాభం చేతిలోని పెన్నుకు మూత పెట్టాడు.

"ఆదివారం ఒక్కరోజైనా గుడికొచ్చి, ఇంటికాడ పడుకునేవాడు. ఇప్పుడు ఆదివారం షాఫ్టుకు సెలవంట కదండీ. మిల్లంతా ఆపేస్తున్నారు. అందరూ ఇళ్లకు పోతే, దానికి కిరసనాయిలు పూసి సుద్ద అద్దడానికి ఈయన పోతన్నాడు."

"నేను అతన్నే పెట్టమని రాయలేదమ్మా."

"రాయలేదు లెండి. మీరు పేర్లు రాయరు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో అప్పుడు తెలియలేదు. యజమాని మీదా, పద్మనాభం మీదా, అనుభవం ఉన్న మనిషి అన్న మాట కింద పడిన ఆ గీత మీదా. చేతిలో ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను.

"అన్నం ముందు కూర్చుని, ముద్ద నోటికాడికి రాకముందే తూలిపోతన్నాడండి," అంది కరుణమ్మ. "ఇనుము అలుస్తుందంటే ఎవరూ నమ్మలేదు. మీరు కాగితం రాస్తే నమ్మారు. మా ఆయనకు కూడా ఒక కాగితం రాసియ్యండి. మనిషి కూడా అలుస్తాడని."

పద్మనాభం బల్ల మీది షాఫ్టు ముక్కను అటు జరిపాడు, ఇటు జరిపాడు. మనుషుల సంగతి తన ఏరియా కాదన్నాడు. తను రాస్తే ఆ మాటకు విలువ ఉండదన్నాడు. రెండూ నిజమే కావచ్చు. కరుణమ్మ కదలలేదు.

"అసలు ఇప్పుడు అలా రాస్తే ఆదాంకే ప్రమాదమమ్మా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "విచారణలో అలవనని చెప్పి సంతకం పెట్టాడు. ఆ మాట మీదే ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు అలిశాడని నేనే రాస్తే, అప్పుడు చెప్పింది అబద్ధమవుతుంది."

"అబద్ధమేగదండీ," అంది కరుణమ్మ.